ఎత్తుకోవడం - ఎత్తుకుపోవడం: విదేశాల నుంచి తెచ్చిన పిల్లల తీర్పులలో కథన విధానం

వ్యాససంగ్రహం:

దాంపత్యం చెడిన తరువాత తల్లిదండ్రులలో ఒకరు, రెండవవారి సమ్మతి లేకుండా పిల్లలను దేశం దాటించడాన్ని అంతర్జాతీయ న్యాయశాస్త్రం ‘శిశు అపహరణ’ అంటుంది. అలా భారతదేశానికి చేరిన పిల్లలను తిరిగి పంపాలా వద్దా అన్న ప్రశ్నపై సుప్రీంకోర్టు 1984 నుంచి అనేక తీర్పులిచ్చింది. వాటిలో తెలుగు కుటుంబాలకు సంబంధించినవీ ఉన్నాయి. ఈ వ్యాసం ఆ తీర్పులను కథనాలుగా చదువుతుంది. తీర్పు తన కథను ఎక్కడ మొదలుపెడుతుందో దాన్నిబట్టి తల్లి పరారీ అయిన వ్యక్తిగానో, పుట్టింటిని ఆశ్రయించిన వ్యక్తిగానో కనిపిస్తుందనీ, రెండు సందర్భాలలోనూ బిడ్డ కథలో వస్తువుగానే మిగిలిపోతున్నదనీ నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: శిశు అపహరణ, సంరక్షణ, హేగ్ ఒప్పందం, పుట్టిల్లు, కథనం, పోతన, దశమస్కంధం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘ఎత్తుకోవడం’ ఆప్యాయతను తెలిపే మాట. ‘ఎత్తుకుపోవడం’ నేరాన్ని తెలిపే మాట. రెండింటికీ ధాతువు ఒకటే, చేతులలో ఉన్న బిడ్డ ఒకటే. మధ్యలో చేరిన ‘పోవు’ అనే ఒక్క క్రియ ఆప్యాయతను నేరంగా మారుస్తున్నది. తల్లి గాని తండ్రి గాని బిడ్డను ఎత్తుకొని విమానం ఎక్కినప్పుడు, ఆ పని ఈ రెండు మాటలలో దేనికి చెందుతుందన్నదే న్యాయస్థానాల ముందున్న ప్రశ్న.

ఈ ప్రశ్న తెలుగు సమాజానికి దూరమైనది కాదు. వరంగల్లులో 1959లోనే ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, కాకతీయ వైద్య కళాశాల రెండూ ఏర్పడ్డాయి. ఇటువంటి సంస్థలలో చదివినవారు తరతరాలుగా అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియాలకు వెళ్ళి స్థిరపడుతున్నారు. పెళ్ళి ఇక్కడ జరుగుతుంది, కాపురం అక్కడ సాగుతుంది, పిల్లలు అక్కడి పౌరులుగా పుడతారు. కాపురం విరిగినప్పుడు వివాదం రెండు దేశాల న్యాయస్థానాల మధ్య పడుతుంది. తిరుపతిలో పెళ్ళి చేసుకొని అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో భర్త పొందిన విడాకుల డిక్రీ ఇక్కడ చెల్లదని 1991 జూలైలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఇటువంటి వివాదాలలో తొలి మైలురాయి. విడాకుల విషయంలో నిలకడగా ఉన్న ఆ సమాధానం పిల్లల విషయంలో ఇప్పటికీ నిలకడగా లేదు.

తీర్పు మొదట కథ చెబుతుంది, తరువాత కారణం చెబుతుంది, చివర ఫలితం చెబుతుంది. న్యాయశాస్త్ర వ్యాఖ్యాతలు రెండవ, మూడవ భాగాలను చదువుతారు. కథన పరిశీలన మొదటి భాగాన్ని చదువుతుంది. సంఘటనలు జరిగిన క్రమం వేరు, వాటిని చెప్పిన క్రమం వేరు అన్న భేదం సాహిత్య విమర్శకు సుపరిచితమే. ఆ భేదం ఇక్కడ ఒక బిడ్డ ఏ దేశంలో పెరగాలన్న నిర్ణయం వరకు వెళుతుంది. పిల్లల గోప్యత దృష్ట్యా ఈ వ్యాసంలో కక్షిదారుల పేర్లు వాడకుండా తీర్పులను సంవత్సరాలతో సూచించడం జరిగింది.

2. మాట - చట్టం:

పత్రికలు ఇటువంటి వార్తలకు ‘కిడ్నాప్’ అన్న మాటను తరచు వాడతాయి. కాని భారతీయ శిక్షాస్మృతిలోని 361వ సెక్షను, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 137వ సెక్షను చట్టబద్ధ సంరక్షకుడి అధీనం నుంచి మైనరును తీసుకుపోవడాన్నే నేరంగా చెబుతాయి. తల్లిదండ్రులిద్దరూ సహజ సంరక్షకులే. అందువల్ల న్యాయస్థానం వేరే ఆదేశం ఇవ్వనంత వరకు సొంత బిడ్డను తీసుకువెళ్ళడం సాధారణంగా ఇక్కడ నేరం కాదు. అమెరికా మాత్రం 1993లో ప్రత్యేక చట్టం చేసి, రెండవవారి హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో బిడ్డను దేశం దాటించడాన్ని నేరంగా ప్రకటించింది. ఒకే పని బయలుదేరిన విమానాశ్రయంలో నేరం, దిగిన విమానాశ్రయంలో నేరం కాదు.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సహజ సంరక్షకుడిగా మొదట తండ్రిని, అతని తరువాత తల్లిని పేర్కొన్నది. ఈ ‘తరువాత’ అన్న పదానికి తండ్రి మరణానంతరం అని మాత్రమే కాక, తండ్రి సంరక్షణలో లేని సందర్భం అని కూడా అర్థం చెప్పుకోవాలని 1999లో సుప్రీంకోర్టు వివరించింది. ఆ వ్యాజ్యం వేసినవారిలో నవలా రచయిత్రి గీతా హరిహరన్ ఒకరు. ఒక్క పదం అర్థం మారితే తల్లి స్థానం మారుతుందనడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ.

తెలుగులో సరైన మాట దొరకని భావన మరొకటి ఉంది. ఒక దేశపు న్యాయస్థానం మరొక దేశపు న్యాయస్థాన ఆదేశాన్ని గౌరవించడాన్ని ఆంగ్ల న్యాయపరిభాష ‘కామిటీ’ అంటుంది. తెలుగు లిపిలో రాస్తే అది సభ్యుల కమిటీగా పొరబడే మాట. దీనికి ‘పరస్పర మర్యాద’ అన్న అనువాదం తగినది. మర్యాద అంటే గౌరవం. సంస్కృతంలో దానికి ఎల్ల, హద్దు అన్న అర్థం కూడా ఉంది. పరాయి న్యాయస్థానాన్ని గౌరవించాలి, ఆ గౌరవానికి ఒక హద్దూ ఉండాలి. ఆ హద్దు ఎక్కడన్నదే ఈ తీర్పులన్నింటి వివాదాంశం.

3. హేగ్ ఒప్పందం - దాని వెనుక ఊహించిన కథ:

1980 అక్టోబరు 25న హేగ్‌లో రూపొంది 1983 డిసెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన ఒప్పందంలో ప్రస్తుతం వందకు పైగా దేశాలున్నాయి. భారతదేశం చేరలేదు. పదహారేళ్ళ లోపు బిడ్డను తాను మామూలుగా నివసించే దేశం నుంచి సంరక్షణ హక్కులకు విరుద్ధంగా తరలిస్తే, వెంటనే అక్కడికి తిరిగి పంపాలన్నది ఒప్పంద సారాంశం. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది పంపే న్యాయస్థానం తేల్చదు. అది బిడ్డ ఏ దేశానికి చెందినదో ఆ దేశపు న్యాయస్థానం పని. ఆరు వారాలలో నిర్ణయం రాకపోతే ఆలస్యానికి కారణం అడిగే వీలుంది.

మినహాయింపులూ ఉన్నాయి. తరలించిన ఏడాది దాటిన తరువాత అర్జీ వచ్చి, అప్పటికి బిడ్డ కొత్త పరిసరాలలో కుదురుకొని ఉంటే పంపకపోవచ్చు. తిరిగి పంపితే శారీరకంగా, మానసికంగా తీవ్రమైన ముప్పు ఉంటే పంపకపోవచ్చు. తగిన వయసూ పరిణతీ ఉన్న బిడ్డ వద్దంటే పంపకపోవచ్చు.

ఒప్పందం రూపొందించినవారి మనసులో ఉన్న కథ ఒకటి ఉంది. సంరక్షణ హక్కు దక్కని తండ్రి, తల్లి దగ్గర పెరుగుతున్న బిడ్డను ఎత్తుకుపోవడం ఆ కథ. ఆచరణలో కథ తిరగబడింది. 2015 నాటి అర్జీల అధ్యయనంలో బిడ్డను తీసుకువెళ్ళినవారిలో 73 శాతం తల్లులే. వారిలో ఎక్కువమంది బిడ్డ పోషణ భారాన్ని ముఖ్యంగా మోస్తున్నవారు. గృహహింస ఆరోపణలు ఈ వ్యాజ్యాలలో తరచు వస్తున్నాయి. 2020లో హేగ్ సదస్సు ‘తీవ్రమైన ముప్పు’ మినహాయింపుపై ప్రత్యేక మార్గదర్శిని వెలువరించడానికి ఈ మార్పే నేపథ్యం.

భారతీయ తీర్పుల పరంపర ఈ ఒప్పందం వెలుపల నడిచింది. అయినా ఇదే తిరగబాటు ఇక్కడా కనిపిస్తుంది. 1984 తీర్పులో ఇంగ్లండు నుంచి, 1986 తీర్పులో అమెరికా నుంచి బిడ్డను తెచ్చినవారు తండ్రులు. రెండింటిలోనూ బిడ్డను తల్లికి అప్పగించడానికి విదేశీ న్యాయస్థానం పట్ల గౌరవం ఆసరా అయింది. 2009, 2013, 2015, 2017, 2019 తీర్పులలో తెచ్చినవారు తల్లులు. ఒక కథ కోసం పుట్టిన సూత్రం మరొక కథకు అన్వయమైంది. ఆ అన్వయంలో కథ మారిందన్న స్పృహ తీర్పులన్నింటిలోనూ ఒకేలా లేదు.

4. కథ మొదలయ్యే చోటు:

ఈ తీర్పులలో కథారంభాలు ప్రధానంగా రెండు రకాలు.

4.1 ఆదేశంతో మొదలయ్యే కథ:

2009 నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పులో అమెరికా న్యాయస్థానం ఉమ్మడి సంరక్షణ ఆదేశం ఇచ్చిన తరువాత తల్లి బిడ్డతో భారత్ వచ్చింది. రెండేళ్ళకు పైగా ఆచూకీ దొరకలేదు. చివరకు సీబీఐ చెన్నైలో కనుగొన్నది. కథ పొడవునా నడిచేది వెదుకులాట. వెదుకులాట కథలో పాఠకుడి సానుభూతి సహజంగా వెదికేవారి పక్షాన నిలుస్తుంది. బిడ్డను అమెరికా పంపాలని ధర్మాసనం ఆదేశించింది. ప్రయాణానికి, బసకు తండ్రి ఖర్చు భరించాలనీ, తల్లిపై వారంటు విషయంలో పట్టుబట్టరాదనీ షరతులు కూడా పెట్టింది.

2013 జూలై తీర్పు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన వ్యాజ్యానిది. వాషింగ్టన్ రాష్ట్ర న్యాయస్థాన ఆదేశాలకు విరుద్ధంగా తల్లి బిడ్డను తీసుకువచ్చిందన్నది ఆ కథకు వెన్నెముక. తండ్రి వేసిన హెబియస్ కార్పస్ పిటిషనును హైకోర్టు అనుమతించింది, సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆదేశ ఉల్లంఘన నుంచి కథ మొదలైనప్పుడు, ఆ ఉల్లంఘనకు ముందున్న కాపురం పూర్వకథగా వెనక్కి తగ్గుతుంది.

2015 తీర్పులో ఈ పద్ధతి ఒక సూత్రమే అయింది. ఏ న్యాయస్థానం మొదట ఫలవంతమైన ఆదేశం ఇచ్చిందో దానికి ప్రాధాన్యం అన్నది ఆ సూత్రం. ఆ వ్యాజ్యంలో తల్లి కోయంబత్తూరులో ముందుగానే విడాకుల పిటిషను వేసింది. అయితే పిల్లల గురించి మొదట ఆదేశం వెలువడింది ఇంగ్లండులో. ఆదేశంతో కథ మొదలవుతుంది కనుక ఇంగ్లండు నుంచే కథ మొదలైంది.

4.2 బిడ్డ స్థితితో మొదలయ్యే కథ:

1997 నవంబరులో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు దీనికి మూలరూపం. 1984లో తల్లితో భారత్ చేరిన బాలుడు తీర్పు నాటికి పన్నెండేళ్ళు దాటినవాడు. విదేశీ ఆదేశం పరిశీలించదగిన అంశాలలో ఒకటి మాత్రమేననీ, బిడ్డ సంక్షేమమే అన్నింటికన్నా మిన్న అనీ తెలుగువారైన ఆ న్యాయమూర్తి నిర్ధారించారు.

2017 జూలై 3న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ ఎ.ఎం. ఖన్విల్కర్, జస్టిస్ మోహన్ ఎం. శాంతనగౌడర్‌ల ధర్మాసనం ఆ దారిని పునరుద్ధరించింది. మొదటి ఆదేశానిదే పైచేయి అన్న 2015 నాటి సూత్రాన్ని అంగీకరించలేదు. ఆ వ్యాజ్యంలో బాలికకు గుండె సంబంధమైన ఆరోగ్య సమస్య ఉంది. తల్లి గృహహింస ఆరోపించింది. ఇంగ్లండు న్యాయస్థాన ఆదేశం తల్లీబిడ్డలు భారత్ వచ్చాక వెలువడినది. బాలిక ఆరోగ్యం, తల్లి సాన్నిహిత్యం ముందుకు వచ్చిన ఈ కథలో విదేశీ ఆదేశం ఒక ఉపకథ అయింది. బాలిక తల్లి దగ్గరే ఉండాలని తీర్పు వచ్చింది.

4.3 ఒక ఆక్షేపణ:

న్యాయమూర్తి ఫలితాన్ని ముందే నిశ్చయించుకొని దానికి తగిన ఆరంభాన్ని ఎంచుకొని ఉండవచ్చు కదా అన్న ఆక్షేపణ సహజం. ఆరంభమే ఫలితానికి కారణమని కథన విశ్లేషణ నిరూపించలేదు. వ్యాజ్యాల వాస్తవాలలోనూ నిజమైన తేడాలున్నాయి. ఆదేశాన్ని ధిక్కరించి రావడం, ఆదేశం పుట్టకముందే రావడం ఒకటి కావు. అయితే తీర్పు తరువాతి తీర్పులకు ఆధారమవుతుంది. దాన్ని చదివే కింది న్యాయస్థానం ఆ కథారంభాన్ని కూడా సూత్రంతోపాటు స్వీకరిస్తుంది. దేన్ని మొదట చూడాలో, దేన్ని తరువాత చూసినా చాలునో నేర్చుకుంటుంది. విమర్శ పట్టించుకోవలసింది ఈ నేర్పును.

5. పుట్టిల్లు ఎవరి చిరునామా?

2019 మార్చి నాటి తీర్పు ఈ పరంపరలో తెలుగు పాఠకులు ప్రత్యేకంగా చదవదగినది. పెన్సిల్వేనియాలో కాపురమున్న తెలుగు దంపతులు, అమెరికా పౌరులైన ఇద్దరు పిల్లలు. అక్కడ విడాకుల వ్యాజ్యం నడుస్తుండగానే తల్లి పిల్లలతో హైదరాబాదు వచ్చి, కొద్ది వారాలలోనే కుటుంబ న్యాయస్థానంలో సంరక్షణ పిటిషను వేసింది. 1890 నాటి సంరక్షకులు, పాలితుల చట్టం తొమ్మిదవ సెక్షను ప్రకారం మైనరు ‘మామూలుగా నివసించే’ చోటి న్యాయస్థానానికే విచారణాధికారం. పిల్లలు హైదరాబాదులో మామూలుగా నివసిస్తున్నవారు కారని హైకోర్టు, సుప్రీంకోర్టు తేల్చాయి. పిల్లలు అమెరికా తిరిగి వెళ్ళాలన్నది ఫలితం. 2017 తీర్పు చెప్పిన సంక్షేమ సూత్రం ఈ తీర్పులోనూ ఉంది. సూత్రం ఒకటే, ఫలితం వేరు.

మరుసటి నెల, 2019 ఏప్రిల్ 9న, సుప్రీంకోర్టే మరొక తీర్పు ఇచ్చింది. అత్తింటి క్రూరత్వానికి గురై పుట్టింటిలో తలదాచుకున్న స్త్రీ ఆ పుట్టిల్లున్న ఊరిలోనే 498-ఎ సెక్షను కింద ఫిర్యాదు చేయవచ్చునని ముగ్గురు న్యాయమూర్తులు తేల్చారు. దెబ్బలు అత్తింటిలో తగిలినా, వాటి మానసిక ఫలితం పుట్టింటిలోనూ కొనసాగుతుందన్నది వారి తర్కం.

ఈ రెండు తీర్పులకూ న్యాయపరంగా వైరుధ్యం లేదు. ఒకటి సివిల్ విచారణాధికారానికి, మరొకటి క్రిమినల్ విచారణాధికారానికి సంబంధించినవి. కాని పక్కపక్కన ఉంచి చదివితే ఒక లోపం కనబడుతుంది. తల్లి బాధకు పుట్టిల్లు చట్టం గుర్తించిన స్థలం. అదే ఇంటిలో తల్లి పక్కన పడుకున్న బిడ్డకు మాత్రం అది మజిలీ. తల్లి అనుభవించిన హింస ఆమెతోపాటు ప్రయాణిస్తుందని చట్టం ఒప్పుకున్నది. ఆ హింసను చూస్తూ పెరిగిన బిడ్డకూ అది వర్తిస్తుందా అన్న ప్రశ్న ‘మామూలు నివాసం’ అన్న మాటలో ఇమడదు. ఆ మాట రోజులు లెక్కపెడుతుంది, భయాన్ని లెక్కపెట్టదు.

దీని అర్థం పుట్టింటికి రావడం ప్రతిసారీ ఆత్మరక్షణేనని కాదు. ఆరోపణ నిజం కాని సందర్భంలో నష్టపోయేది సముద్రం అవతల ఒంటరిగా మిగిలిన తండ్రి. ఇక్కడి ఉదయం అక్కడి రాత్రి అయిన దూరంలో, ఫోను తెరపై మాత్రమే బిడ్డను చూడగల తండ్రి వేదన కల్పన కాదు. అందుకే ఆరోపణను నమ్మడమూ కాదు, పక్కన పెట్టడమూ కాదు, పరీక్షించడం అవసరం. త్వరిత విచారణ పేరుతో ఆ పరీక్షను విదేశీ న్యాయస్థానానికి వదిలివేస్తే, ఆధారిత వీసాపై వెళ్ళిన తల్లికి అక్కడ ఉండే హక్కు, సంపాదన, న్యాయవాది ఖర్చు ఉన్నాయా అన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పవలసి ఉంటుంది.

6. కాలం, గొంతు:

ఈ కథలలో ఎవరూ పేర్కొనని ప్రధాన పాత్ర కాలం. కుటుంబ న్యాయస్థానం, హైకోర్టు, సుప్రీంకోర్టు దాటేసరికి ఊయలలోని బిడ్డ బడిలో చేరుతుంది, భాష మారుతుంది, స్నేహితులు మారతారు. అప్పుడు ‘తిరిగి పంపడం’ అన్న మాటే పూర్తిగా నిజం కాదు. బిడ్డకు గుర్తులేని చోటికి తిరుగు ప్రయాణం ఉండదు, కొత్త ప్రయాణమే ఉంటుంది. 1997 తీర్పు దీన్ని గుర్తించింది. అయితే గడిచిన కాలానికి విలువ ఇచ్చినకొద్దీ, కాలం గడపడమే ఒక వ్యూహంగా మారే ప్రమాదం ఉంది. హద్దులేని సంక్షేమ సూత్రం సాగదీసేవారికి లాభిస్తుంది. విచారణలేని మర్యాద సూత్రం మొదట కోర్టుకు పరుగెత్తినవారికి లాభిస్తుంది. రెండింటిలోనూ బిడ్డ భవిష్యత్తు పెద్దల వేగం మీద ఆధారపడుతున్నది.

బిడ్డ గొంతు ఈ కథలలో అరుదుగా వినిపిస్తుంది. తెలివైన అభిప్రాయం ఏర్పరచుకోగల వయసు మైనరుకు ఉంటే దాన్ని పరిగణించవచ్చునని 1890 చట్టంలోనే ఉంది. న్యాయమూర్తులు పిల్లలతో ఛాంబరులో మాట్లాడుతూనే ఉన్నారు. కాని ఆ సంభాషణ తీర్పులోకి సాధారణంగా పరోక్ష కథనంగా, ఒకటి రెండు వాక్యాలుగా వస్తుంది. 2022 జూలై నాటి తీర్పు, బిడ్డ కోరిక ఏమిటన్నది మాట్లాడి తెలుసుకోవచ్చుననీ, బిడ్డ శ్రేయస్సు ఏమిటన్నది మాత్రం న్యాయస్థానమే నిర్ణయించాలనీ ఈ రెండింటినీ స్పష్టంగా విడదీసింది. ఈ విభజన సబబే. తన దగ్గరున్న పెద్దల మాటనే బిడ్డ పలికే అవకాశం ఉంది. అయినా కోరికను ఎందుకు పక్కన పెట్టవలసి వచ్చిందో బిడ్డకు అర్థమయ్యేలా చెప్పే బాధ్యత ఆ విభజనతోనే పుడుతుంది. ఏ తీర్పూ తన ముందున్న బిడ్డను పాఠకుడిగా ఊహించుకోలేదు. పెద్దయ్యాక ఆ తీర్పును మొదట వెదికి చదివేది ఆ బిడ్డే.

2020 జనవరి నాటి తీర్పు ఈ దిశలో కొంత ముందుకు వెళ్ళింది. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కు అని చెప్పి, సంరక్షణ దక్కని వారికి వీడియో కాల్ ద్వారానైనా బిడ్డతో సంబంధం ఉండాలని సూచించింది. 2022 జనవరి నాటి మరొక తీర్పు, బిడ్డను పంపమని చెప్పవచ్చు గాని తల్లిని ఆ దేశంలో నివసించమని న్యాయస్థానం నిర్బంధించలేదని గుర్తించింది. సూత్రంగా ఇది తల్లి స్వేచ్ఛకు రక్ష. ఆచరణలో బిడ్డా, తన జీవితమా అన్న ఎంపికను ఆమె ముందుంచుతుంది. ఆ తీర్పు ఆమె ప్రయాణ, నివాస ఖర్చుల గురించి తండ్రికి బాధ్యతలు విధించడం ఈ కఠినతను కొంత తగ్గించే ప్రయత్నం.

7. దశమస్కంధం - ఆ రాత్రి తరలిన ఇద్దరు పిల్లలు:

బిడ్డను రాత్రికి రాత్రి తరలించడం తెలుగు సాహిత్యానికి అపరిచిత ఘట్టం కాదు. పూర్వపు వరంగల్ జిల్లాలోని బమ్మెరకు చెందిన పోతన భాగవతం దశమస్కంధంలో చెరసాల తలుపులు తెరుచుకొని, యమున దారి ఇచ్చి, వసుదేవుడు శిశువును నందుని ఇంటికి చేరుస్తాడు. రాజు ఆజ్ఞ లెక్కన ఇది ధిక్కారం. పాఠకుడి లెక్కన రక్షణ. కారణం కథారంభమే. కంసుడి చేతిలో ముందు పుట్టిన పిల్లలు ఏమయ్యారో చెప్పిన తరువాతే కవి ఈ ప్రయాణాన్ని చెబుతాడు. హేగ్ ఒప్పందంలోని ‘తీవ్రమైన ముప్పు’ మినహాయింపు వెనుక ఉన్న న్యాయమూ ఇదే. ముప్పు ముందు కనబడితేనే తరలింపు రక్షణగా కనబడుతుంది.

ఈ కథను తరలించినవారికి అనుకూలమైన ఉపమానంగా మాత్రమే వాడుకోవడం పాక్షికం. ఆ రాత్రి తరలిన పిల్లలు ఇద్దరు. కొడుకును యశోద పక్కన ఉంచిన వసుదేవుడు ఆమె ఆడశిశువును చెరసాలకు తెచ్చాడు. ఆ శిశువును ఎత్తుకుపోవడానికి యశోద సమ్మతి లేదు, ఆమె నిద్రలో ఉంది. ఆ పసికందు కంసుడి చేతిలో పడింది. దేవకి ఆమె కోసం వేడుకున్నది. శిశువు దేవి అయి ఆకాశానికి ఎగసింది కనుక కథ నిలిచింది. మామూలు బిడ్డలకు ఆ అవకాశం లేదు. ఒక బిడ్డ రక్షణను మనసారా కీర్తించే కథలో మరొక బిడ్డ తరలింపు లెక్కలోకి రాకపోవడం పాఠకుడు గమనించవలసిన విషయం. తల్లి పక్షమో తండ్రి పక్షమో వహించి చెప్పే ప్రతి కథలోనూ ఇటువంటి రెండవ బిడ్డ ఉంటుంది. చాలా వ్యాజ్యాలలో ఆ రెండవ బిడ్డ వేరెవరో కాదు, రక్షించామనుకుంటున్న బిడ్డే. ఒక చోట భద్రత దొరికిన బిడ్డ మరొక చోట తండ్రినో తల్లినో పోగొట్టుకున్నది.

అదే భాగవతంలో చాలా కాలం తరువాత శమంతపంచకంలో దేవకీరోహిణులు యశోదను కౌగిలించుకొని, తమ బిడ్డలను పెంచినందుకు కృతజ్ఞత చెప్పుకుంటారు. కన్నవారు, పెంచినవారు ఒకే చోట నిలబడి ఒకరి స్థానాన్ని మరొకరు ఒప్పుకునే ఘట్టం అది. ఏ న్యాయస్థానమూ దాన్ని ఆదేశించలేదు. అయితే దానికి వీలు మిగిలేలా తీర్పు రాయడం న్యాయస్థానం చేతిలో ఉంది.

8. చట్ట ప్రయత్నాలు:

హేగ్ ఒప్పందంలో భారత్ చేరాలని 2009 మార్చిలో లా కమిషన్ తన 218వ నివేదికలో సూచించింది. 2016 అక్టోబరు నాటి 263వ నివేదిక పిల్లల తరలింపుపై ముసాయిదా చట్టాన్ని పరిశీలించి సవరణలు ప్రతిపాదించింది. అప్పటి కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ బి.ఎస్. చౌహాన్ 2009 తీర్పు ధర్మాసనంలో సభ్యులు. జస్టిస్ రాజేశ్ బిందల్ కమిటీ 2018లో సమర్పించిన నివేదికలో ఇటువంటి వివాదాల పరిష్కారానికి ప్రత్యేక ప్రాధికార సంస్థను ప్రతిపాదించింది. అమెరికా విదేశాంగ శాఖ వార్షిక నివేదికలు భారత్‌ను పదే పదే సహకరించని దేశాల జాబితాలో చేరుస్తున్నాయి. ఇప్పటికీ ప్రత్యేక చట్టం లేదు. సంరక్షణ వివాదం హెబియస్ కార్పస్ రూపంలో, అంటే అక్రమ నిర్బంధం నుంచి విడిపించే రిట్ రూపంలో హైకోర్టుకు చేరుతున్నది. ఆ రిట్ భాషలో తల్లి ఒడి నిర్బంధం అవుతుంది. సాధనమే కథకు ఒక ఆరంభాన్ని ఇచ్చివేస్తున్నది.

ఒప్పందంలో చేరడమా మానడమా అన్న చర్చకన్నా ముందు తీర్పు రచనలోనే సాధ్యమైన మార్పులున్నాయి. విదేశీ ఆదేశం చరిత్ర, ఇంటిలోని పరిస్థితుల చరిత్ర రెండూ పక్కపక్కన నమోదు కావాలి. హింస ఆరోపణ ఉన్నప్పుడు తిరిగి పంపే ఆదేశానికి ముందే పరిమిత కాలంలో దానిపై ప్రాథమిక నిర్ధారణ రావాలి. పంపవలసి వస్తే వీసా, వసతి, వారంటు రద్దు, న్యాయసహాయం వంటి షరతులను అక్కడి న్యాయస్థానం కూడా తన ఆదేశంగా స్వీకరించిన తరువాతే ప్రయాణం జరగాలి. పంపనప్పుడు రెండవవారితో బిడ్డ సంబంధం ఎలా నిలుస్తుందో తీర్పులోనే ఉండాలి.

9. ముగింపు:

- శిశు తరలింపు తీర్పులలో పరస్పర మర్యాద, సంక్షేమం అనే రెండు సూత్రాల ఘర్షణ పైకి కనిపిస్తుంది. దాని అడుగున కథను ఎక్కడ మొదలుపెట్టాలన్న ఎంపిక ఉంది.

- విదేశీ ఆదేశంతో మొదలైన కథలో తల్లి ఎత్తుకుపోయిన వ్యక్తి. బిడ్డ స్థితితో మొదలైన కథలో ఆమె ఎత్తుకున్న వ్యక్తి. 1984, 1986 తీర్పులలో తండ్రుల విషయంలో రూపొందిన సూత్రం తరువాత తల్లులకు వర్తించినప్పుడు ఈ తేడా మరింత కీలకమైంది.

- 2019లో నెల వ్యవధిలో వచ్చిన రెండు తీర్పులు పుట్టింటిని తల్లి బాధకు స్థలంగా గుర్తించాయి గాని, బిడ్డకు నివాసంగా గుర్తించలేదు. ఈ ఖాళీని పూరించవలసిన బాధ్యత శాసనకర్తలదీ న్యాయస్థానాలదీ.

- తెలుగులో ఈ విషయాన్ని రాసేవారు ‘కిడ్నాప్’, ‘అపహరణ’ అన్న మాటలకు బదులు, నేరం రుజువయ్యే వరకు ‘తరలింపు’ అన్న మాట వాడడం ఉచితం. ఆ మాట ఏ పక్షం కథనూ ముందే ఒప్పుకోదు.

- తీర్పుకు చివరి పాఠకుడు బిడ్డ. తనను ఎందుకు పంపారో, ఎందుకు పంపలేదో, ఆ రోజు తన మాట ఎవరు విన్నారో ఆ బిడ్డ చదివి తెలుసుకోగలిగేలా తీర్పు ఉన్నప్పుడే అది పెద్దల తగవుకు ముగింపుగా కాక, పిల్లల పక్షాన నిలిచిన న్యాయంగా ఉంటుంది.